మొండికేసిన గుండె

ఆ ఉదయం కుట్టుమాస్టారి భార్య అనుకున్నది చిన్న సంగతే. పొద్దున్నే ఆయన్ని ఆసుపత్రిలో అప్పగించాలి, సాయంత్రానికి నయమైన మనిషిని చూసుకోవాలి. ఉన్నట్టుండి గుండె పరుగందుకుని మాస్టారు ఇప్పటికి రెండుసార్లు కుట్టుమిషను మీదికే ఒరిగిపోయాడు. ఇక్కడి డాక్టరమ్మకు తోడుగా వచ్చిన విదేశీ డాక్టరు ఆ ఒక్కరోజే ఉంటాడు. మళ్ళీ వచ్చేది ఏడాదికే.

"తొడ దగ్గర నరంలోంచి గుండెలోకి సన్నతీగ పంపుతామమ్మా. మేమే దడ రప్పించి, అదెక్కడ పుడుతోందో చూసి, అక్కడ కాల్చేస్తాం. మాత్ర పనిచేస్తుంటే దడ రాదు, అందుకే ఐదు రోజులు మాత్రలు ఆపాలి," అని డాక్టరమ్మ ముందే చెప్పింది.

గుండెజబ్బు మనిషికి గుండెమాత్ర ఆపడమా! చోద్యం కాకపోతే! ఇల్లాలు రోజూ మాత్ర నూరి, గుట్టుగా పాలల్లో కలిపేసింది. ఇదేమీ ఎరగని మాస్టారు, దడ రాకపోయేసరికి, "మందులెందుకండీ? మనోబలం ఉండాలి!" అని వీధంతా చాటాడు. చొక్కా కొలతలిచ్చే ప్రతివాడికీ ఉపన్యాసం తప్పలేదు. ఇక ఆవిడ నోరెలా విప్పుతుంది?

తీగ లోపలికి వెళ్ళింది. విదేశీ డాక్టరు గుండెను గిల్లాడు, తట్టాడు, బతిమాలినంత పని చేశాడు. ఊహూఁ! యంత్రం చెడిందేమోనని టెక్నీషియను మూత విప్పాడు. మనిషే మారిపోయాడేమోనని నర్సు ఫైలు తిరగేసింది. చివరికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"దడే రావట్లేదమ్మా. ఎక్కడని కాల్చేది? తీగ తీసేసి పంపించేస్తాం."

ఇల్లాలి గుండెల్లో రాయి పడింది. ఇంకో ఏడాది, మిషను చప్పుడు ఆగినప్పుడల్లా పరుగెత్తి చూడాలా? పరువు పోతే పోయింది, మనిషి దక్కితే చాలు! ఉన్నదంతా కక్కేసింది. డాక్టరమ్మ ఆవిణ్ణి ఆపరేషను గది పక్కనున్న అద్దాలగదిలోకి లాక్కెళ్ళి, మైకు ముందు మళ్ళీ చెప్పించి, విదేశీ డాక్టరు కోసం ఇంగ్లీషులోకి మార్చింది. అది లోపల మెలకువగానే పడుకున్న మాస్టారికీ వినిపిస్తుందని ఆ కంగారులో ఎవరికీ తోచలేదు.

"పాలల్లోనా! ఐదు రోజులా! మరి నా మనోబలం?"

"మీకేమైనా అయితే నేనేమైపోవాలండీ?" అని ఆవిడ భోరుమంది.

"వీధిలో తలెలా ఎత్తుకోనే!"

తెర మీద గుండె వేగం ఒక్కసారిగా నూట తొంభైకి ఎగిరింది. విదేశీ డాక్టరు సంబరంగా ఏదో అరిచాడు. ఆయన చోటు చూపించాడు, డాక్టరమ్మ కాల్చింది. దడ ఠక్కున ఆగింది.

"పరీక్ష కోసం ఇంకోసారి పోట్లాడుకోండి," అంది డాక్టరమ్మ.

పావుగంట పోట్లాడుకున్నారు. గుండె డెబ్భై రెండు దాటలేదు. "పోనీలేవే, నా కోసమేగా," అని మాస్టారే రాజీకొచ్చాడు.

వెళ్ళేముందు విదేశీ డాక్టరు వచ్చే ఏడాదికి కావలసిన పరికరాల జాబితా రాసిచ్చాడు. అన్నిటికన్నా పైన మాస్టారి ఇల్లాలి ఫోన్ నంబరుంది.