డైవర్టరు ఎవరు విప్పారు

ఆదివారం ఉదయం ఏడుంబావుకు లెక్కల మాస్టారి చేతిలోకి షవరు డైవర్టరు ఊడి వచ్చింది. దాని వెనకే నీళ్లు వచ్చాయి.

డైవర్టరంటే కుళాయి నీళ్లను షవరుకు మళ్లించే పిడి. అది కొన్నాళ్లుగా సగం పనే చేస్తోంది. షవరు పెడితే కింది కుళాయిలోంచి కూడా నీళ్లు కారుతున్నాయి. కింద వాటాలో ఉండే ఓనరు దంపతులు ఎనిమిదింటికి ఇల్లు చూడడానికి వస్తామన్నారు. అద్దె గడువు నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించాలా వద్దా అన్నది ఓనరు గారి భార్య తేలుస్తారు. మాస్టారి కూతురికి త్వరలో పదో తరగతి పరీక్షలు. బడి వీధి చివరే ఉంది. ఇప్పుడు ఇల్లు మారడం కుదరదు. ఇంట్లో దేనిమీదా చెయ్యి వేయకూడదన్నది ఓనరు గారి భార్య షరతు. గోడకు మేకు కొట్టినందుకు వెనకటి వాళ్లను ఖాళీ చేయించారు.

"కారుతోందని చెప్తే సరిపోయేదిగా," అంది మాస్టారి భార్య, బాత్రూం గుమ్మంలో నిలబడి.

"మనమే పాడుచేశామంటారు," అన్నారు మాస్టారు. ఆయన అరచేతులు రెండూ గోడలోని రంధ్రం మీద ఉన్నాయి. నీళ్లు మోచేతుల మీదుగా జారుతున్నాయి.

"ఇప్పుడేమంటారో మరి. ముందు వాల్వు కట్టాలని తెలీదా?"

"కట్టాకే విప్పాను. వంటింట్లో కుళాయి తిప్పి చూశాను కూడా. చుక్క రాలేదు."

"మీరు కట్టింది వంటింటి వాల్వండీ. ఊరందరికీ లెక్కలు చెప్తారు."

ఆవిడ డాబా ఎక్కింది. ట్యాంకు కింద వాల్వులు వరసగా ఉన్నాయి. దేనిమీదా పేరు లేదు. మొదటిదాన్ని అటు తిప్పింది, రెండోదాన్ని ఇటు తిప్పింది. మూడోది తుప్పు పట్టి కదల్లేదు.

"ఆగిందా?" అని పైనుంచి అరిచింది.

"లేదు," అన్నారు మాస్టారు.

"నాన్నా, వంటింట్లో వరద," అంది కూతురు.

మొదటిది వంటింటి వాల్వు. మాస్టారు కట్టినదాన్ని ఆవిడ విప్పింది. ఆయన తిప్పి చూసిన కుళాయి తిప్పినట్టే ఉంది. నీళ్లు సింకులోని గిన్నెలు దాటి, సింకు దాటి, హాల్లోకి వచ్చాయి. రెండో వాల్వు ఎవరిదో తలుపు చప్పుడయ్యాక తెలిసింది.

ఓనరు గారు వచ్చారు. నడుముకు తువ్వాలు, తలమీద నురగ. ఒక కన్ను మూసి ఉంది.

"ఒక బకెట్ నీళ్లుంటే ఇవ్వమ్మా. మాకు ఉన్నట్టుండి ఆగిపోయాయి," అన్నారు కూతురితో. చప్పుడు విని బాత్రూం వైపు నడిచారు. "మీకు బాగానే వస్తున్నట్టున్నాయే."

మాస్టారు తలుపు వేయాలనుకున్నారు. చేతులు ఖాళీ లేవు. ఓనరు గారు లోపలికి వచ్చి గోడను చూశారు, నేలమీది డైవర్టరును చూశారు.

"చేతులు తీయండి," అన్నారు.

మాస్టారు తీశారు. ఓనరు గారు ఆ ధార కింద తల పెట్టి నురగ కడుక్కున్నారు. తర్వాత స్పానరు అందుకున్నారు.

"మీకెందుకండీ శ్రమ, బాబాయిగారూ," అంది డాబా దిగి వచ్చిన మాస్టారి భార్య.

"ఇదెంత పనమ్మా. మా ఆవిడ నన్ను దేన్నీ ముట్టుకోనివ్వదు గానీ..." ఆయన మెట్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "అక్కడ పట్టుకోండి మాస్టారూ. నేను బిగిస్తా."

"అటు కాదేమోనండీ తిప్పాల్సింది."

"మీరు మీ లెక్కలు చూసుకోండి."

గోడలోని పైపు విరిగింది. అంతదాకా కిందికి పడుతున్న ధార ఎదురు గోడను కొట్టింది. మధ్యలో ఇద్దరూ ఉన్నారు.

ఎనిమిదింటికి ఓనరు గారి భార్య వచ్చారు. ఆవిడ చేతిలో గొడుగు ఉంది. గొడుగు తడిసి ఉంది.

"మా పడగ్గది పైకప్పు కారుతోంది. ఇదెవరు విప్పారు?"

స్పానరు ఓనరు గారి చేతిలో ఉంది. ఆయన మాస్టారిని చూశారు. మాస్టారు కూతురిని చూశారు. ఆ పిల్ల మోకాళ్ల దాకా బట్టలు తడిసి, పాఠ్యపుస్తకాలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

"నేనేనండీ," అన్నారు మాస్టారు. "ఒక వాల్వు కట్టబోయి ఇంకోటి కట్టాను. బాబాయిగారు తర్వాత వచ్చారు."

"అవునే, నిజం," అన్నారు ఓనరు గారు.

"మీరు నోరు మూయండి. మాస్టారూ, ఈయన్ని వెనకేసుకు రాకండి. నా మిక్సీ, ఇస్త్రీపెట్టె, మా తమ్ముడి స్కూటరు, అన్నీ ఈ చేతుల్లోనే పోయాయి."

"ఒట్టండీ, నేనే విప్పాను."

"చూశావా అమ్మాయ్," అన్నారావిడ మాస్టారి భార్యతో. "పెద్దాయన పరువు పోకూడదని ఎంత తంటాలు పడుతున్నారో. నీకు దొరికిన మొగుడు నాకెందుకు దొరకలేదో."

మాస్టారి భార్య చీపురు అందుకుని హాల్లోని నీళ్లు తోయడానికి వెళ్లింది.

ట్యాంకు ఖాళీ అయ్యాక నీళ్లు ఆగాయి. ప్లంబరు మధ్యాహ్నం వచ్చాడు. సాయంత్రం అద్దె గడువును రెండేళ్లు పొడిగిస్తూ సంతకాలయ్యాయి. ఆ రెండేళ్లూ ఓనరు గారు మేడ ఎక్కకూడదని ఆయన భార్య అదే కాగితంలో రాయించారు.