మంత్రిగారు చూసిన మందుసీసా

ఇకమీదట పిల్లలకు జ్వరమొస్తే మంత్రిగారే ఫోన్లో మందు పట్టిస్తారట అని పక్కింటి పిన్ని పాలవాడితో అంటే, పాలవాడు మా ఇంట్లో చెప్పాడు. నేను నమ్మలేదు. పెద్దవాళ్ళ సేవాభావాన్ని తక్కువ అంచనా వేయడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు.

ఇంతలో పైవాటా అమ్మాయి చంటివాణ్ణి చంకనేసుకుని దిగింది. వాడి ఒళ్ళు కాలిపోతోంది. ఎప్పుడూ చెంచాతో పట్టే సిరప్ అయిపోయిందని షాపువాడు అదే మందు చుక్కల సీసా ఇచ్చాడట. ఇది బాగా చిక్కన, పాత లెక్కన పోస్తే ప్రమాదమని ఎవరో అన్నారట. సర్కారు కేంద్రంలో కూర్చుని ఫోన్లో సలహా చెప్పే టెలి నర్సును అడగడానికి నా ఫోన్ కావాలంది. ఆ నర్సు పద్ధతి మా వీధికంతా తెలుసు: ముందు సీసా చూపించమంటుంది, తర్వాత చెంచా చూపించమంటుంది, ఆపైనే ఎంత పట్టాలో చెబుతుంది.

ఏడాదిగా నడుస్తున్న ఆ కేంద్రానికి ఇవాళే మంత్రిగారి చేత ప్రారంభోత్సవం. నడుస్తుందో లేదో చూసుకుని మరీ ప్రారంభించడం ముందుచూపున్న ప్రభుత్వాల లక్షణం.

వీడియో కాల్ కలిసింది. నర్సు కుర్చీలో సాక్షాత్తూ మంత్రిగారు, నెత్తిన ఆవిడ హెడ్‌సెట్. నర్సేమో ఆయన వెనకాల గోడవారగా, రిబ్బన్ కత్తెర ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పాలవాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

అమ్మాయి అలవాటుగా సీసా చూపించింది. మంత్రిగారు తేరిపార చూశారు.

"సీసా చాలా బాగుందమ్మా. మూత కూడా గట్టిగా ఉంది."

"ఎంత పొయ్యాలి సార్?"

ఆయన పి.ఏ. వైపు చూశారు. పి.ఏ. కెమెరాల వైపు చూశాడు.

"మా ప్రభుత్వంలో లోటన్నది లేదు. నిండుగా పొయ్యండి."

గదిలో చప్పట్లు మోగాయి. ఆ మోతలో నర్సు ఏమందో మాకు వినపడలేదు. పళ్ళెం కింద పడేసి, వద్దు వద్దని రెండు చేతులూ ఊపింది. కెమెరాలకు ఊపుతోందనుకుని పి.ఏ. కూడా ఊపాడు. మంత్రిగారు వెనుదిరిగి చూసి తామూ ఊపారు. క్షణంలో ఆ గదిలో ఊగని చెయ్యి లేదు. అంత ఐకమత్యం నేను అసెంబ్లీలో కూడా చూడలేదు.

అమ్మాయి మాత్రం చెంచా కింద పెట్టేసింది.

ముందుకు రాబోయిన నర్సును, ఫ్రేములో అడ్డొస్తోందని పి.ఏ. మర్యాదగా వెనక్కి జరిపాడు. చంటివాడు మూలిగాడు. ఆ మూలుగును హర్షధ్వానంగా స్వీకరించిన మంత్రిగారు, ఇదంతా లైవ్‌లో వస్తోందని గుర్తుచేసి, మొహమాటపడకుండా ఏం కావాలో అడగమన్నారు. ఇక్కడికిక్కడే మంజూరు చేస్తానన్నారు.

"మీరు లేవండి," అంది అమ్మాయి. "ఆ నర్సమ్మని కూర్చోనివ్వండి."