పాలడబ్బా హోదా

పాలు ఆహారమా, రసాయనమా అన్న ప్రశ్నను మానవజాతి ఇన్ని వేల ఏళ్లుగా గాలికి వదిలేసింది. అమెరికాలో, విస్కాన్సిన్‌లోని ఒక విశ్వవిద్యాలయ భద్రతా కార్యాలయం మాత్రం వదల్లేదు.

తెరేసా నోవిట్స్కీ అక్కడ ఐదేళ్లుగా పరిశోధన చేస్తోంది. గాజు పలకల మీద ప్రొటీన్లను చుక్కలు చుక్కలుగా అతికించి చిప్‌లు తయారు చేయడం ఆమె పని. చుక్కల మధ్య మిగిలిన ఖాళీ గాజును పాలపొడి కలిపిన నీళ్లతో కప్పేయాలి. లేకపోతే తర్వాత పోసే రక్తం ఎక్కడపడితే అక్కడ అంటుకుని, చిప్ చెప్పేదేమీ ఉండదు. ఆరు వారాలు కష్టపడి శుద్ధి చేసిన ప్రొటీన్ మంగళవారం పన్నెండు పలకలెక్కింది. వాటికి పాలపూత వేసి, శుక్రవారం డాక్టరేట్ పట్టా కమిటీకి చూపించాలి.

ఆ మంగళవారమే భద్రతా కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చిన లైల్ హాల్వర్సన్ అరలో పాలపొడి డబ్బా చూశాడు.

"ల్యాబులో తిండి పెట్టకూడదని తెలీదామ్మా?"

"తినడానికి కాదండీ. గాజుకి పూయడానికి."

"డబ్బా మీద పాన్‌కేకులు ఎలా చేయాలో రాసుందే."

"కిరాణా కొట్లో కొన్నానండీ. ఈ పని చేసేవాళ్లందరూ అక్కడే కొంటారు."

"అయితే తిండే."

(ఆయన కఠినుడేమీ కాదు. క్షమాపణ చెప్పి మరీ డబ్బా పట్టుకుపోయాడు. విస్కాన్సిన్ మనిషి, అక్కడ మర్యాద ఎక్కువ.)

ఇంకో డబ్బా కొంటే రెండో నేరం, ల్యాబుకు తాళం. అందుకని తెరేసా 'ఆహారమును రసాయనముగా గుర్తించు విన్నపము' నింపింది. పదార్థం తయారైన చోటు అడిగితే ఆవు అని రాసింది. ఆవు చిరునామా లేదని బుధవారం ఫారం తిరిగొచ్చింది. ఓపిగ్గా ఒక డెయిరీ చిరునామా రాసి పంపింది.

గురువారం సాయంత్రం ఆమోదం వచ్చింది. సదరు పాలపొడి మంగళవారం నుంచే రసాయనమని ఉత్తర్వు. తెరేసా పరుగున కార్యాలయానికి వెళ్లింది. డబ్బా కాఫీ గిన్నె పక్కన ఉంది, ఖాళీగా.

"అప్పటికది తిండే కదమ్మా. తిండి పారేయకూడదని మాకు రూలుంది," అన్నాడు లైల్ కప్పు చేత్తో పట్టుకుని. తర్వాత ఉత్తర్వులో తేదీ చదివి, కప్పు మెల్లగా కింద పెట్టాడు.

పదకొండు మంది ఉద్యోగులు మూడు రోజులుగా ల్యాబు రసాయనం తాగారు. విచారణ ముగిసేదాకా ఆ ల్యాబు మూసేయాలి. తాళం వేయడానికి లైలే వచ్చాడు.

"నా పలకలు మాత్రం తెచ్చుకోనివ్వండి లైల్ గారూ." తెరేసా తలుపుకి అడ్డం నిలబడింది.

"సారీ తల్లీ, అవి సాక్ష్యం."

శుక్రవారం ఆమె కమిటీ ముందు ఉత్త చేతులతో నిలబడింది. పాలపూత పడక పలకలు పాడయ్యాయి, పట్టా మరో ఏడాదికి జరిగింది.

విచారణ నివేదిక నెలకు వచ్చింది. ఇటువంటి ప్రమాదం పునరావృతం కాకుండా, ప్రయోగశాలలు ఇకపై తాగడానికి పనికొచ్చే పాలు మాత్రమే వాడవలెనని అందులో ఉంది.