నవలకు వేలిముద్ర

ఆ ఉదయం రచయిత వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆరింటికి కాఫీ, ఆరుంపావుకి బల్ల దగ్గర కూర్చోవడం, మధ్యాహ్నానికల్లా సీరియల్ చివరి భాగం ముగించడం, సాయంత్రం ఐదులోపు వారపత్రిక ఆఫీసుకు చేర్చడం. అడ్డు ఒక్కటే. కుడిచేయి మోచేతి దాకా సిమెంటు కట్టులో ఉంది.

రాసి రాసి చేయి అరిగిపోయినా గౌరవంగా ఉండేది. స్టూలెక్కి, బీరువా మీదున్న తన సన్మాన జ్ఞాపికకు దుమ్ము దులపబోయి జారిపడ్డాడు. జ్ఞాపిక మీద చిన్న గీతైనా పడలేదు. అతని కడుపుమంటంతా దాని మీదే.

ఎడమచేత్తో గంటసేపు కుస్తీపట్టాడు. పదకొండు మాటలు వచ్చాయి, అవీ కాగితం చివరికొచ్చేసరికి కిందికి జారిపోయాయి. ఫోనుకు చెబితే అదే రాసిపెడుతుంది కదా అని భార్య అంటే, ఏడుపంటే ఏమిటో తెలియని వస్తువుకు తాను కథ చెప్పనన్నాడు. పోనీ ఆవిడే రాస్తుందా అంటే, ఆవిడ లెక్కల టీచరు. ఆ రోజు బడిలో పరీక్షలు.

"ఐదు దాటితే ఏమవుతుందండీ?" అంది భార్య చెప్పులు వేసుకుంటూ.

"ఏమవుతుందా? గళ్లనుడికట్టు కూర్చే ఆయనతో ముగింపు రాయిస్తాట్ట ఎడిటరు! నలభై వారాలు నేను మోసిన కథ! అడ్డం మూడు, నిలువు ఏడు అనుకుంటూ బతికేవాడు నా నాయికను చంపుతాడా?"

"అయితే నాన్నకి చెప్పి రాయించుకోండి. ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాసిన చెయ్యి. ఒక్క కొట్టివేత ఉండదు."

మామగారు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు. కాగితాలకు మార్జిన్లు మడిచి, కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నారు.

"చెప్పండి అల్లుడుగారూ."

"సముద్రపు ఒడ్డున ఉన్న మేడలో, కిటికీ పక్కన ఆమె కూర్చుంది."

కలం కదల్లేదు. "మేడ ఆవిడ స్వార్జితమా, పిత్రార్జితమా?"

"అది కథకు అనవసరం మామయ్యగారూ!"

"కథకు అనవసరమేమో, కాగితానికి అవసరం. తూర్పున సముద్రం, సరే. మిగతా మూడు హద్దులూ?"

రచయితకు చిర్రెత్తుకొచ్చింది. కానీ గడియారం అప్పటికే పదిన్నర చూపిస్తోంది. పళ్లు నూరుకుంటూ మూడు హద్దులూ చెప్పాడు. కాసేపటికి "నిట్టూర్చింది" తీసేసి "మౌనంగా చూసింది" అని పెట్టమన్నాడు. కొట్టివేతకు మామగారు ససేమిరా అన్నారు. "రెండో పేజీ ఐదో వరుసలో నిట్టూర్పు రద్దు చేసి, మౌనం చేర్చడమైనది" అని అడుగున రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.

మూడింటికి నాయిక ప్రాణం మీదికొచ్చింది. రచయిత తన సత్తా అంతా ఈ ఒక్క వాక్యం కోసమే దాచుకున్నాడు. "ఎవరికీ ఏమీ చెప్పకుండానే ఆమె కళ్లు మూసింది. అంతే. ఇంకేం రాయకండి."

మామగారు కళ్లజోడు తీశారు. "ఏమీ చెప్పకుండానా? మరి మేడ ఎవరికి?"

"పాఠకుల ఊహకు వదిలేశాను."

"ఊహకు వదిలేస్తే ఆవిడ చెల్లెలూ, పెంపుడు కొడుకూ ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతారు. అలాంటి కాగితం నా చేతి మీదుగా ఒక్కటీ బయటికి పోలేదు."

ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరి పేజీలో నాయిక చేత వీలునామా రాయించారు. మేడ చెల్లెలికి, తోట పెంపుడు కొడుక్కి, బావి నీళ్లు ఇద్దరికీ. రచయిత ఒక్క ధైర్యంతో ఊరుకున్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఎడిటరు ఎర్ర కలం తన మంచి వాక్యాలనే బతకనివ్వలేదు, ఈ చెత్తను బతకనిస్తుందా?

"రాయించినవారి సంతకం," అన్నారు మామగారు.

"నా కుడిచెయ్యి కనబడటం లేదా?"

"అయితే ఎడమ బొటనవేలు ఇలా ఇవ్వండి."

ముప్ఫైరెండు నవలలు రాసిన మనిషి వేలికి సిరా పూయించుకుని పేజీ పేజీకీ ముద్ర వేశాడు. ఆ అవమానానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను చదువుకున్నవాణ్ణి మామయ్యగారూ!"

"అందరూ అదే అంటారు. ఇక సాక్షి కావాలి."

సాక్షిగా పక్కింటి ఇన్సూరెన్సు ఏజెంటు దొరికాడు. ఎలాగూ పత్రికాఫీసు వైపే వెళ్తున్నాడు కనుక కవరు కూడా అతనే ఇచ్చేస్తాడు. మామగారు చూపించిన చోట సంతకం పెడుతూ, అతను చివరి పేజీలో "వీలునామా" అన్న మాట చూశాడు. తడి ఆరని వేలిముద్ర చూశాడు. రచయిత కళ్లు చూశాడు.

"డాక్టరేమన్నారండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆరు వారాలన్నాడు."

"అయ్యయ్యో! ఇంట్లో ఆవిడకి తెలుసా?"

"తెలియకేం, పక్కనే ఉండి విన్నది. పరీక్షలున్నాయని ఇవాళ బడికి పోయింది."

"పాలసీ తీసుకోండి తీసుకోండి అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను," అని ఏజెంటు కళ్లు తుడుచుకుని, లక్క ముద్ర వేసిన కవరును గుండెలకు హత్తుకుని బయల్దేరాడు. చేతులకు కూడా పాలసీలుంటాయి కాబోలనుకున్నాడు రచయిత.

ఐదుంపావుకి ఎడిటరు ఫోను చేశాడు. "ఏజెంటుగారు అంతా చెప్పారు. మీ ఆఖరి రచనలో ఒక్క అక్షరం ముట్టుకోను. వేలిముద్రతో సహా అచ్చేస్తున్నాం."

"ముట్టుకోండి! ఆ చివరి పేజీ అంతా కొట్టేయండి! నాకు విరిగింది చెయ్యి! నేను నిక్షేపంగా ఉన్నాను!"

"అది మీ గుండె ధైర్యం సార్," అని ఎడిటరు వెక్కుతూ ఫోను పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆరింటికి బడి నుంచి భార్య పరుగున వచ్చింది, వెనకాల ఐదుగురు టీచర్లు. దారిలో ఏజెంటు కనబడి ఓదార్చాడట. గదిలో కాళ్లు నేలకేసి బాదుతున్న భర్తను చూసి ముందు ఏడ్చింది, విషయం తెలిశాక తిట్టింది.

ఆ వారం పత్రిక నల్ల అంచుతో వచ్చింది. నలభై వారాలు దాచుకున్న మౌనం పోయి, దాని చోట బావి నీళ్లు ఉన్నాయి. రచయిత మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. నాలుగో రోజు నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. "ఇన్నేళ్లకు మీ నవల చివర ఎవరికేం దక్కిందో తెలిసింది" అని ఒకరు. "ఇంత నిక్కచ్చిగా మీరు రాయగలరనుకోలేదు" అని మరొకరు. ఉత్తరం చదివినప్పుడల్లా అతని ఒళ్లు మండిపోయింది.

కట్టు విప్పిన రోజునే ఎడిటరు కొత్త సీరియల్ ఒప్పందపత్రం పట్టుకుని ఇంటికొచ్చాడు. రచయితకు పోయిన ప్రాణం లేచొచ్చింది. జుట్టు సవరించుకుని, కలం తీసుకుని ఎదురెళ్లాడు. ఎడిటరు అతని భుజం మీదుగా లోపలికి చూశాడు.

"పెద్దాయన ఉన్నారాండీ?"

బాగుపడిన కుడిచేత్తో రచయిత చేసిన మొదటి సంతకం ఆ పత్రం మీదే ఉంది, సాక్షి గడిలో.