చక్రాల ఇంటికే కుళాయి

దేశంలో కాకపోయినా మా ఖరగ్‌పూర్ వైపు మొట్టమొదటిదైన కారవాన్ విడిది, ఊరి శివారు ప్రభుత్వ ఉద్యానవనంలో ఘనంగా ప్రారంభమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పడకలూ పొయ్యీ ఉన్న బండిలో వచ్చే పర్యాటకుడు దాన్ని చెట్ల కింద నిలిపి, అక్కడే ఉన్న కరెంటుకూ కుళాయికీ మురుగు గొట్టానికీ తగిలించుకొని హాయిగా గడపవచ్చు.

అలాంటి బండి మా తెలుగువాళ్ల రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తానికి ఒక్కటే ఉంది. రైల్వే వర్క్‌షాపులో పెట్టెలకు బెర్తులు బిగించి రిటైరైన సిరిల్, పాత అంబులెన్సు కొని దాన్ని తయారు చేశాడు. అందులోని బెర్తులు అచ్చం రైలు బెర్తుల్లాగే ఉంటాయి. ఎక్కడివని మేం అడగలేదు. మా ఇళ్లలోని బల్లలు ఎక్కడివని అతనూ అడగలేదు.

కోరిక మాత్రం అతని భార్య దోర్కాది. పెళ్లయిన నాటి నుంచి ఆమె తెల్లవారకముందే లేచి వీధి కుళాయి దగ్గర బిందె పెడుతోంది. "సముద్రాలొద్దు, కొండలొద్దు. తిప్పితే నీలొచ్చే కాడ ఒక్క పూట నిద్దరోవాల. అంతే," అంది.

సిరిల్ అలాంటి చోటు కోసం చాలానే తిరిగాడు. దిఘా సముద్రతీరంలో ఓ హోటలువాళ్లు, మీరు గదిలో పడుకోండి, బండి ఎండలో పడుకుంటుందన్నారు. ఇంకోచోట గేటు దగ్గరే "పేషెంటు ఎవరు?" అని దారిచ్చారు. అందుకే పక్కనే విడిది తెరుస్తున్నారని వినగానే దంపతులిద్దరూ తొలి అతిథులుగా బయలుదేరారు.

విడిది అధికారి కిరణ్‌కుమార్ వాళ్ల మెడలో దండలు వేసి ప్రసంగించారు. "మిత్రులారా! నీరు జీవనానికి ఆధారం. విద్యుత్తు ప్రగతికి ఆధారం. మురుగు గొట్టం నాగరికతకు ఆధారం. ఈ మూడు ఆధారాలనూ ఒకే స్తంభానికి బిగించిన ఘనత మన శాఖది!" చప్పట్లు మోగాయి. రిబ్బను తెగింది. ఆ వెంటనే షామియానావాడు తన జనరేటరు తీసుకుపోయాడు, దాంతోపాటే కరెంటూ పోయింది.

కుళాయి తిప్పితే గాలి వచ్చింది. శుభ్రమైన గాలే. ట్యాంకు కట్టడం ఈ శాఖ పని, అందులో నీళ్లు పోయడం వేరే శాఖ పని. మురుగు గొట్టం మీద మాత్రం ఒక్క ఫిర్యాదూ లేదు, అందులో పోయడానికి ఏమీ లేదు కనుక.

దోర్కా బండి మెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. "ఏటండీ ఇది? మన ఈది కుళాయే నయం. అదైనా మాట తప్పదు."

ఉద్యానవనం గోడకు అవతల కొన్ని గుడిసెలున్నాయి. అక్కడి రాధారాణి గోడ మీంచి తొంగిచూసి, "ఏడవకు దీదీ," అని బెంగాలీలో ఓదార్చి, తమ చేతిపంపు నుంచి రెండు బిందెల నీళ్లు అందించింది. ఇంట్లో ఉన్న ఒక్క బల్బునూ తీగతో సహా ఇవతలికి వేసింది. ఆ రాత్రి పర్యాటకుల బండి వెలిగింది. గుడిసె చీకట్లో ఉంది.

మర్నాడు కిరణ్‌కుమార్ ఫోటోగ్రాఫరుతో వచ్చి, బల్బునూ బిందెలనూ ఫోటో తీయించి, విడిది విజయవంతమైందని ప్రకటించారు.

"బాబూ, మా పంపు ఎండాకాలం ఎండిపోతుంది. మాకూ ఒక కుళాయి..." అంది రాధారాణి గోడ అవతలి నుంచి.

"ఈ సౌకర్యం చక్రాలున్న ఇళ్లకేనమ్మా," అన్నారాయన ఎంతో గౌరవంగా. "బండిలో అతిథి ఉంటే రోజూ ట్యాంకరు పంపాలని ఉత్తర్వు. నిన్న ప్రారంభోత్సవం కాబట్టి పంపలేదు, నేటి నుంచి అమలు. గుడిసెకు ఉత్తర్వు లేదు."

దోర్కా లేచి నిలబడింది. "బండిలో ఎవులున్నా అతిథేనా సార్?"

"ఎవరున్నా. ఉత్తర్వు మొహం చూడదు."

"అయితే రాధారాణీ, పిల్లల్ని తెచ్చి బండెక్కు. మేం బస్సులో పోతాం."

సిరిల్ బండి తలుపుకు అడ్డం వచ్చాడు. "దోర్కా, నా బెర్తులు..."

"మనుసులు పడుకోపోతే బెర్తులేటండీ, సెక్కలు," అందామె. సిరిల్ కాసేపు బండి తలుపు నిమిరి, తాళంచెవి రాధారాణి చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. దోర్కా కుళాయి తిప్పింది, మొహం కడుక్కుంది, కట్టేసి మళ్లీ తిప్పింది. తర్వాత కింది బెర్తు మీద సాయంత్రం దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచాకే బస్సెక్కారు.

ఇప్పుడు గోడ అవతలి వాళ్లు వంతులవారీగా పర్యాటకులవుతున్నారు. ఒక్క రోజైనా ఖాళీ లేని విడిదిగా దానికి బహుమతి వచ్చింది. మన ప్రజల్లో విహారాసక్తి పెరిగిందని కిరణ్‌కుమార్ పత్రికలకు చెప్పారు.

సెటిల్‌మెంట్ పెద్దలమైన మేము ఊరుకోలేదు. అతిథుల కోసం పెట్టిన సదుపాయాన్ని గుడిసెలవాళ్లు దుర్వినియోగం చేయడాన్ని తీవ్రంగా ఖండిస్తూ సభ పెట్టి, ఏకగ్రీవంగా తీర్మానించాం. సభ ముగిశాక ఒక్కొక్కరం, ఇంకొకరికి వినపడకుండా, సిరిల్‌ను పక్కకు పిలిచి అడిగాం:

"అలాటి బండి మాకూ ఓటి సేసిపెడతావేటి?"