సువార్తమ్మ గుమ్మంలో నిలబడ్డ డిసెంబరు

బేతేలుపేటలో గుమ్మానికి నక్షత్రం కట్టని ఇంట్లోకి డిసెంబరు అడుగుపెట్టదు. సువార్తమ్మ నాలుగేళ్ళుగా కట్టలేదు కాబట్టి ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా నవంబరే నడుస్తోంది. ముప్పయ్యో తేదీ మర్నాడు మళ్ళీ ఒకటో తేదీ వస్తుంది. వీధిలో రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తున్నా, ఆ గడప దాటితే దుప్పటి కావాలి.

కారణం పేటలో అందరూ ఎరుగుదురు. ఆమె భర్త జెకర్యాను చూసిన పెద్ద డాక్టరు, "డిసెంబరు దాటడం కష్టమమ్మా" అన్నాడు. రానిస్తే కదా దాటడం, అనుకుంది సువార్తమ్మ. ఆ పూటే వెదురు నక్షత్రాన్ని అటకెక్కించేసింది. అప్పట్నుంచీ జెకర్యా అదే మంచంమీద, అదే దగ్గుతో, తగ్గకుండా, ముదరకుండా ఉన్నాడు.

ఈ ఏడు పురపాలక సంఘం నెలల విభాగం నుంచి గవర్రాజు తనిఖీకి వచ్చాడు. అందరూ శాలువాలు కప్పుకుని తిరుగుతుంటే అతనికి మాత్రం చెమటలు కారిపోతున్నాయి.

"పిన్నిగారూ, మీ డిసెంబరు నాలుగేళ్ళుగా వీధిలో నిలబడి ఉందండి. ఆటోలకి అడ్డం. ఎప్పుడు లోపలికి పిలుస్తారో చెబితే రాసుకుపోతాను."

"పిలవను బాబూ. కేసు పెట్టుకో."

"కేసెందుకండీ! మా ఇంట్లో మూడేళ్ళుగా మే నెలే. జూన్ వస్తే మా అమ్మాయి హాస్టలుకి పోవాలి. ఉక్కపోతకి చస్తున్నాం గానీ, పిల్ల కళ్ళముందుంది." గవర్రాజు నుదురు తుడుచుకున్నాడు. "మొన్న అడిగిందండి, నాన్నా నేనెప్పుడు పెద్దదాన్నవుతానూ అని."

సువార్తమ్మ అతనికి మజ్జిగ తెచ్చిచ్చింది.

లోపల్నుంచి జెకర్యా కేకేశాడు. "ఏమే, పక్కింటివాళ్ళ బ్యానరు చూశావా? 'హార్థిక శుభాకాంక్షలు'ట! థ ఏంటే, థ!"

"అబ్బో, మీరు మరీనూ! మన పెళ్ళైన ఏడు మీరు రాసిన అట్ట మరిచిపోయారా? 'శుభాకాకాంక్షలు'! పాస్టరుగారు కాకులేవీ అని చూరంతా వెతికారు."

జెకర్యా పగలబడి నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాలుగేళ్ళయిందే నేను తప్పు రాసి. క్యారల్స్ పాడేవాళ్ళు మన గుమ్మందాకా వచ్చి, ఇక్కడ నవంబరని తిరిగిపోతున్నారు. నన్ను బతికించుకున్నావు, సరే. దేనికే? ఆ నక్షత్రం దించవే తల్లీ."

సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. ఏడుపయ్యాక స్టూలెక్కింది. గవర్రాజు స్టూలు పట్టుకున్నాడు. అది అతని విధుల్లో లేదు. దించి గుమ్మానికి కడితే, కాగితాలు వెలిసిపోయాయి గానీ బల్బు వెలిగింది. డిసెంబరు కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది.

"మా జూన్‌ని ఇంకొక్క వారం ఆపుతానండి" అన్నాడు గవర్రాజు, ఎవరో అడిగినట్టు.

"ఆపుకో నాయనా. ఎవరాపుకోరు?" అంది సువార్తమ్మ.

జెకర్యా అట్టా, ఎర్రరంగూ అడిగి తీసుకున్నాడు. శుభాకాంక్షల్లో కావాలనే రెండు 'కా'లు పెట్టాడు. ఆమె చూసి కూడా దిద్దలేదు.

"దీనికెన్ని రోజులే?" అన్నాడు.

"ముప్పై ఒకటండి."

"చూశావా! నవంబరుకన్నా ఒకరోజు ఎక్కువే."

సువార్తమ్మ అతని దుప్పటి సర్దింది. "ఆ రోజుకి ఏం వండమంటారు?" అంది.