పియానో ఒప్పుకోని కార్డ్

ఆ సంగీతశాలలోని పియానో మామూలు కార్డ్‌ను, అంటే కలిపి నొక్కే స్వరాల గుత్తిని, ఒప్పుకోదని అందరూ నమ్మేవారు. ఏళ్ల తరబడి దాన్ని వాయించిన పెద్దాయన తన పాట ముగింపుకు ముందు, లోకమంతా వేసే జీ కార్డ్‌ను తోసిరాజని డీ ఫ్లాట్ కార్డ్ వేసేవాడు. రెండింటిలో రెండు స్వరాలు ఉమ్మడివే. ముఖ్యంగా మారేది అడుగున మోగే మంద్ర స్వరం. జాజ్ సంగీతంలో ఆ మార్పిడి కొత్తదేమీ కాదు. అయినా ఆయన పోయాక అక్కడ జీ నొక్కినవారికి వాద్యం పలకలేదనీ, ఆయన ఆత్మే అడ్డుపడిందనీ చెప్పుకునేవారు.

సంస్మరణ సభనాటి ఉదయం, భౌతికశాస్త్రం బోధించే ఆయన అల్లుడు ఒక నిశ్చయానికి వచ్చాడు: మామూలు కార్డే వేసి పరువుగా బయటపడాలి. సభ సాఫీగా సాగితే పియానో ముందున్న మామగారి ఆసనం తనది.

"నాన్నగారి కార్డ్ వెయ్యకపోతే అమ్మ చిన్నబుచ్చుకుంటుందండీ," అంది భార్య, అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"సరే, అదే వేస్తాలే."

మామూలు కార్డేనని అంతకుముందే విన్న, బాస్ గిటారు వాయించే బావమరిదికి ఆ మార్పు చెప్పడం మరిచాడు. ఫలితంగా సభలో అల్లుడు డీ ఫ్లాట్ వేశాడు, బావమరిది జీ వేశాడు. చెరోవైపు లాగిన ఎడ్లబండిలా పాట కీచుమంది. ఇద్దరూ మర్యాదస్తులు. రెండో విడతలో ఎవరికి వారు ఎదుటివారి దారికి వచ్చారు. అల్లుడు ఎడమచేత్తో జీ నొక్కాడు. పియానో మెట్టు 'టప్' మని ఊరుకుంది. అదే క్షణాన బాస్ డీ ఫ్లాట్ పలికింది. కుడిచేతిలోని ఉమ్మడి స్వరాలతో కలిసి పెద్దాయన కార్డ్ నిండుగా మోగింది.

"బావగారూ, మీరు నొక్కింది జీ కదూ?"

"జీయే!"

మైకు ఆ సంభాషణను సభకంతటికీ వినిపించింది. జనం లేచి నిలబడ్డారు.

"చెప్పానా, ఆయన ఒప్పుకోడని!" అన్నాడు డ్రమ్ములాయన, పుల్లలు గుండెకు హత్తుకుని.

"ఈ ఆసనం ఇక ఖాళీగానే ఉంచుదాం," అని ప్రకటించి అధ్యక్షుడు మౌనం పాటించమన్నాడు.

ఆత్మల సంగతి అల్లుడికి తెలియదు. ఏదో అడ్డుపడితే వచ్చే 'టప్' మనే చప్పుడు తెలుసు. మౌనం మధ్యలోనే పియానో మెట్ల ముందున్న పలక ఊడదీసి, జీ మెట్టు కింద వేలు పెట్టాడు. నల్లకోటు బొత్తామొకటి బయటపడింది. మళ్ళీ నొక్కితే జీ గంభీరంగా మోగింది.

అత్తగారు ఆ బొత్తాన్ని అరచేతిలో తిప్పి చూసింది. "పెళ్ళికోటుది. నేనే పారేశానని పోయేదాకా సాధించారు. ఇది కనబడకుండా పోయిన వారంలోనే ఆ కొత్త కార్డ్ మొదలైంది."

అధ్యక్షుడు గొంతు సవరించుకుని ఆసనం చూపించాడు. "కూర్చోండి మాష్టారూ. ఇంతకీ ఏ కార్డ్ వేస్తారు?"

అల్లుడు అత్తగారి వైపు చూశాడు.

"ఆయనదే వెయ్యండి నాయనా. బొత్తాం నేను కుట్టేస్తాను."

పెద్దాయన జీ వేయకపోవడానికి కారణం, జీ పలకకపోవడమే.